ప్రొటీన్ డబ్బా కంటే ముందు కుర్చీ: గుంటూరు సెల్లార్‌లో కండబలం ప్రాజెక్టు డైరీ

జూలై మొదట్లో

ఏం చేయబోతున్నామో ముందు స్పష్టంగా రాసిపెట్టుకుంటున్నాను. విద్యానగర్‌లో మా అపార్ట్‌మెంట్‌లో అరవై అయిదు దాటినవాళ్ళకి వారానికి రెండు రోజులు సెల్లార్‌లో బరువులతో వ్యాయామం చేయించాలి. వాళ్ళ తిండిలో ప్రొటీన్ ఎంత వెళ్తోందో లెక్క తీసి, చాలకపోతే పెంచాలి. డిసెంబరులో మళ్ళీ కొలిచి చూడాలి. ప్రస్తుతానికి సరేనన్నది నలుగురు: మా అమ్మ, మూడో అంతస్తు పిన్నిగారు, లెక్కల మాస్టారుగా రిటైరైన పెద్దాయన, మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాగా చేసిన బాబాయిగారు.

ఇది మొదలవడానికి కారణం అమ్మ. ఎండాకాలంలో జ్వరంతో వారం పైగా మంచం మీదే ఉంది. జ్వరం తగ్గింది కానీ కాళ్ళలో సత్తువ తిరిగి రాలేదు. మంచాన పడితే పెద్దవాళ్ళకి ఎంత నష్టమో 2007లో అమెరికాలో ఒక పరిశోధనలో తేలింది. ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచితే కాళ్ళలోనే దాదాపు కిలో కండ పోయింది. జబ్బు లేనివాళ్ళకే అలా ఉంటే, జ్వరంతో నాలుగు ముద్దలు కూడా తినని మనిషి సంగతి చెప్పాలా?

వయసుతో కండ, బలం తగ్గిపోవడాన్ని డాక్టర్లు సార్కోపీనియా అంటారు. 2016 నుంచి అమెరికా వైద్యుల జబ్బుల జాబితాలో దీనికి సొంత కోడ్ ఉంది. మన ఇళ్ళలో మాత్రం "వయసైపోయింది, అంతేలే" అనే మాటతో సరిపెడతారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. ఎందుకంటే ఈ ఒక్క విషయంలో వయసు చేసిన నష్టాన్ని చాలావరకు పూడ్చుకోవచ్చు. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధుల ఆసుపత్రిలో తొంభై ఏళ్ళ వయసువాళ్ళ చేత ఎనిమిది వారాలు గట్టిగా బరువులు ఎత్తించారు. వాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ఫియాటరోన్ అనే డాక్టరమ్మ బృందం చేసిన పని అది. అది చదివాకే ఈ ప్రాజెక్టు మీద నాకు నమ్మకం కుదిరింది.

మాస్టారు మొదటి రోజే అడిగారు. "రోజూ ఎన్టీఆర్ స్టేడియంలో నాలుగు రౌండ్లు కొడతాను కదయ్యా, మళ్ళీ ఇదెందుకు?" నడక గుండెకి, షుగర్‌కి మంచిదే, మానొద్దు. కానీ రోజూ మోసే ఒంటి బరువునే మోస్తూ చదునైన నేల మీద నడిస్తే తొడలకి కొత్తగా చేయాల్సిన పని ఏమీ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్ళకి నడకతో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పే వ్యాయామం, మూడు రోజులు తూలకుండా నిలబడే సాధన విడిగా రాశారు.

జూలై చివర: కొలతలు

అందరూ ముందు ఎవరి డాక్టర్ దగ్గరికి వాళ్ళు వెళ్ళి బీపీ, షుగర్, ఈసీజీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకున్నారు. ఆ కాగితాలు చూశాకే కుర్చీ వేశాను.

కొలతలకి ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ఇచ్చిన హద్దులు తీసుకున్నాను. యూరప్‌వాళ్ళ హద్దులు వేరు, మన ఒళ్ళకి ఇవే దగ్గర. చేతి పట్టు మగవాళ్ళకి 28 కిలోలు, ఆడవాళ్ళకి 18 కిలోల కంటే తక్కువ ఉండకూడదు. కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, ఆపైన పడితే బలం తగ్గినట్టు. నడక సెకనుకి ఒక మీటరు కంటే తక్కువైతే కూడా అంతే. పిక్క చుట్టుకొలత మగవాళ్ళకి 34 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 33 కంటే తక్కువుంటే అనుమానించాలి. ఇవన్నీ వడపోత పరీక్షలు. జబ్బు ఉందని తేల్చాల్సింది కండ కొలిచే మెషీన్, డాక్టర్.

పట్టు కొలిచే పరికరం తెలిసిన ఫిజియోథెరపిస్ట్ దగ్గర అడిగి తెచ్చాను. పిక్క కొలవడానికి టైలర్ టేపు చాలు. సెల్లార్ నేల మీద ఆరు మీటర్లకి సుద్దముక్కతో గీతలు గీశాం. కుర్చీ మాత్రం చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ కాకుండా వాచ్‌మన్ గదిలో ఉన్న చెక్క కుర్చీ తీసుకున్నాం. ప్లాస్టిక్ కుర్చీ నున్నటి నేల మీద వెనక్కి జారుతుంది. చెక్క కుర్చీని కూడా గోడకి ఆనించే వేశాను.

అమ్మ లేవడం ఆ రోజే మొదటిసారి శ్రద్ధగా చూశాను. చేతులు గుండెల మీద కట్టుకోమంటే ముందు ఊగింది, ఒకసారి, రెండోసారి. మూడో ఊపుకి లేచింది. కూర్చునేటప్పుడు సగం దాకా వచ్చి దబ్బున పడిపోయింది. లేచేటప్పుడే కాదు, కూర్చునేటప్పుడూ కాళ్ళు ఒంటిని ఆపుకోలేకపోతున్నాయి. బాత్రూమ్‌లో, బస్సు మెట్ల మీద పడేది ఇలాంటప్పుడే. అయిదు సార్లకి 19 సెకన్లు పట్టింది. మాస్టారికి 14. బాబాయిగారి కుర్చీ పరీక్ష బాగానే ఉంది, పట్టు 26 కిలోలు. "యార్డులో మిర్చి టిక్కీ (బస్తా) ఎత్తి లారీలోకి అందించిన చెయ్యిది" అని పరికరం వైపు చాలాసేపు చూశారు. పిన్నిగారు చేతులు ఆనించకుండా అయిదుసార్లు పూర్తి చేయలేకపోయారు.

ఆగస్టు: తిండి లెక్క

అందరి చేతా మూడు రోజులు తిన్నది తిన్నట్టు రాయించాను. అమ్మ లెక్క ఇక్కడ పెడుతున్నాను, చాలా ఇళ్ళలో ఇంతే ఉంటుంది కాబట్టి.

పొద్దున కాఫీ, మూడు ఇడ్లీలు, చట్నీ. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర, పెరుగు. సాయంత్రం టీ. రాత్రి కాస్త ఉప్మా, లేదా చారు, మజ్జిగన్నం. మొత్తం కూడితే 40 గ్రాముల లోపే ప్రొటీన్. అమ్మ బరువు 58 కిలోలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకి 2020లో చెప్పిన మోతాదు రోజుకి ఒంటి బరువు కిలోకి 0.83 గ్రాములు, అంటే అమ్మకి 48. ముసలితనంలో అది చాలదని, కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలని 2013లో ప్రాట్-ఏజ్ అనే అంతర్జాతీయ బృందం చెప్పింది. ఆ లెక్కన 58 నుంచి 70 గ్రాములు.

"రోజూ పప్పు తింటున్నాం కదరా!" అంది అమ్మ. అందరిదీ ఇదే మాట. నేను పచ్చి కందిపప్పు కాటా మీద పెట్టి చూపించాను. మా ఇంట్లో నలుగురికి వేసే గ్లాసుడు పప్పులో మనిషి వాటాకి వచ్చేది పాతిక గ్రాములు. అందులో ప్రొటీన్ అయిదారు గ్రాములు, ఒక గుడ్డంత. పప్పు మంచిదే, మనం వేసుకునేదే తక్కువ. గరిటెడు పప్పుకి నాలుగు గరిటెల అన్నం మన అలవాటు.

మొత్తం ఎంత అన్నదే కాదు, ఏ పూట ఎంత అన్నదీ ముఖ్యమే. పెద్దవాళ్ళ కండరాలు ప్రొటీన్‌కి మందంగా స్పందిస్తాయి. కుర్రవాళ్ళకి పూటకి కిలోకి 0.24 గ్రాములు సరిపోతే, పెద్దవాళ్ళకి 0.4 దాకా కావాలి. అమ్మకి అది పూటకి 23 గ్రాములు. ఆవిడ మధ్యాహ్నం తినేదే దానికి కాస్త దగ్గర. పొద్దున పది, రాత్రి ఏడెనిమిది. కాబట్టి మార్చాల్సింది పొద్దునా రాత్రీనే.

వారంలో నాలుగు రోజులు ఇడ్లీ బదులు పెసరట్టు పెట్టాం. మనిషికి 60 గ్రాముల పెసలు నానబోస్తే 14 గ్రాముల ప్రొటీన్, పైన గ్లాసు పాలు తాగితే 20 దాటుతుంది. మిగతా రోజులు రెండు కోడిగుడ్లు, వెంట ఒక్క ఇడ్లీ. సాయంత్రం బిస్కెట్లు తీసేసి శనగల గుగ్గిళ్ళు. రాత్రి చపాతీలోకి పన్నీరు, లేదా చిక్కటి పెరుగు ఎక్కువగా. మా ఆవిడ ఇంకో మంచి ఆలోచన చేసింది. చపాతీ పిండిలో శనగపిండి కలిపింది. అమ్మ పట్టించుకోలేదు, రెండు తిని లేచింది.

ఆగస్టు, సెప్టెంబరు: బరువులు

సామాను మేమే తయారు చేసుకున్నాం. ఇసుక ఎండబెట్టి, జల్లించి, మందపాటి పాలిథీన్ కవర్లలో కట్టి, పాత జీన్స్ ప్యాంట్ల కాళ్ళు కత్తిరించి కుట్టించిన సంచుల్లో పెట్టాను. టైలర్‌తో డబుల్ కుట్టు వేయించాను. ఇసుక తడిగా ఉంటే తూకం తేడా వస్తుంది, గుడ్డ కూడా చీకిపోతుంది, కాబట్టి ఎండబెట్టడం దగ్గర తొందర పనికిరాదు. కిరాణా కొట్టు కాటా మీద అరకిలో, కిలో, రెండు కిలోలు సరిగ్గా తూచి మార్కర్‌తో రాశాను. అంతా కుదరనివాళ్ళకి లీటరు బాటిల్ చాలు. నీళ్ళు పోస్తే కిలో, పొడి ఇసుక పోస్తే కిలోన్నర దాటుతుంది. సాగే రబ్బరు బ్యాండ్లు మాత్రం కొన్నాం.

చేసేవి కొన్నే. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కిటికీ ఊచ పట్టుకుని మడమలెత్తడం, గోడకి చేతులానించి దండీలు, ఊచకి కట్టిన బ్యాండ్‌ని రెండు చేతులతో నడుము వైపు లాగడం, రెండు చేతుల్లో సంచులు పట్టుకుని సెల్లార్ ఆ చివరి నుంచి ఈ చివరికి నడవడం, కింది మెట్టు ఎక్కి దిగడం. చివర్లో గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం.

"ఈ వయసులో మాతో బస్కీలు తీయిస్తావా నాయనా?" అన్నారు పిన్నిగారు. ఆవిడకి కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచాను. మోకాళ్ళు అరిగినవాళ్ళకి ఎత్తు సీటు మీద నొప్పి తక్కువ, పని మాత్రం అదే. వారాలు గడిచేకొద్దీ ఒక దిండు తీసేశాం, తర్వాత రెండోది.

లేవడంలో ఒక పద్ధతి ఉంది. పాదాలు మోకాళ్ళ కంటే కాస్త వెనక్కి లాక్కోవాలి. ముక్కు కాలి బొటనవేళ్ళ పైకి వచ్చేదాకా ముందుకి వంగాలి. అప్పుడు నేలని కాళ్ళతో తోసి లేవాలి. మనవాళ్ళు నిటారుగా కూర్చుని లేవబోతారు, అందుకే చేతులు అవసరమవుతాయి. కూర్చునేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. అమ్మకి నేను ఎక్కువ సాధన చేయించింది ఈ దిగడమే.

ఊపిరి బిగబట్టడం ఇంకో సమస్య. బరువెత్తేటప్పుడు బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. "ఊపిరి వదలండి" అని ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండదు. దానికి మాస్టారే ఉపాయం చెప్పారు. అందరూ పైకి వినపడేలా లెక్కపెట్టాలి. అంకె పైకి చెబుతూ ఎవరూ ఊపిరి బిగబట్టలేరు.

ఎంత బరువు అన్నదానికి నా కొలత ఒకటే. పదిసార్లు చేశాక "ఇంక రెండో మూడో చేయగలను, అంతకంటే కాదు" అనిపించాలి. ఇంకో ఇరవై హాయిగా చేయగలిగితే ఆ బరువు చాలదు. పెద్దవాళ్ళతో చేయించేవాళ్ళు చాలామంది భయపడి అరకిలో దగ్గరే నెలల తరబడి ఆపేస్తారు. పన్నెండు సార్లు తేలిగ్గా వస్తే వెంటనే పెంచాలి. అమ్మ ఇప్పుడు పిల్లల స్కూలు బ్యాగులో బియ్యం ప్యాకెట్ పెట్టి వీపుకి తగిలించుకుని లేస్తోంది.

మర్నాడు, ఆ తర్వాతి రోజు తొడలు పట్టేసినట్టు ఉండటం మామూలే. కీలు లోపల గుచ్చినట్టు నొప్పి, వాపు, ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం మామూలు కాదు, అక్కడితో ఆపాలి. పొద్దున బీపీ 180 దాటినా, కింది అంకె 110 దాటినా ఆ రోజు వ్యాయామం లేదు. బాబాయిగారు షుగర్‌కి గ్లిమిపిరైడ్ వేసుకుంటారు, అది వేసుకుని ఖాళీ కడుపుతో శ్రమ చేస్తే షుగర్ పడిపోవచ్చు. ఆయన టిఫిన్ తినే రావాలి, జేబులో చక్కెర పొట్లం ఉండాలి.

వినాయక చవితి నాడు అమ్మ కుర్చీ వెనక భాగం పట్టుకుని గుంజీళ్ళు తీసింది. కొన్నేళ్ళుగా చేతులు జోడించి ఊరుకునేది. మేమెవరం అడగలేదు, తనే తీసింది.

సెప్టెంబరు చివర: పొడి డబ్బా సంగతి

పిన్నిగారి అబ్బాయి మందుల షాపులో అడిగితే "పెద్దవాళ్ళకి బలం" అని ఒక డబ్బా ఇచ్చారట. వెనక లేబుల్ చదివాం. రోజుకి చెప్పిన మోతాదులో వచ్చే ప్రొటీన్ ఒక గుడ్డుకి మించదు, చక్కెర మాత్రం దండిగా ఉంది. డబ్బా ముందు భాగం చదవకండి, వెనక్కి తిప్పి నూరు గ్రాములకి ప్రొటీన్ ఎంత, చక్కెర ఎంత అన్నది చూడండి. పాల నుంచి తీసే వే ప్రొటీన్‌లో మామూలు రకంలో నూటికి 80 దాకా, ఇంకా శుద్ధి చేసిన ఐసోలేట్ రకంలో 90 దాకా ప్రొటీన్ ఉంటుంది. 30 గ్రాముల స్కూపుకి (డబ్బాలో ఉండే కొలత చెంచా) 24 గ్రాములు వస్తుంది.

లేబుల్‌ని కూడా పూర్తిగా నమ్మలేం. 2024లో మన దేశంలో అమ్ముతున్న 36 రకాల పొడులు పరీక్షిస్తే దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ లెక్క సరిగ్గా లేదు. కొన్నింట్లో రాసినదాంట్లో సగమే ఉంది. ధర చూసినా, కిలో డబ్బా రెండు మూడు వేలు. స్కూపుకి పడే డబ్బుతో పది గుడ్లు వస్తాయి.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కండలు పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడొద్దని చెప్పింది. నేనూ తిండే ముందంటాను. అయినా గుడ్డు తినని, ఆకలి లేని, పళ్ళు కదిలి శనగలు నమలలేని పెద్దావిడకి పొద్దునపూట సగం స్కూపు నిజంగా సాయమే. పిన్నిగారికి డాక్టర్‌ని అడిగి అదే మొదలుపెట్టాం. వేడి పాలల్లో వేస్తే ఉండలు కడుతుంది. చల్లారిన పాలల్లోనో, మజ్జిగలోనో గిలక్కొట్టాలి.

బాబాయిగారి కథ వేరు. క్రియాటినిన్ ఎక్కువగా ఉంది, కిడ్నీ డాక్టర్ ప్రొటీన్‌కి హద్దు పెట్టారు. డయాలిసిస్ లేకుండా కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి ఎక్కువ ప్రొటీన్ సూచన వర్తించదని ప్రాట్-ఏజ్ బృందమే చెప్పింది. పొడి గిడి వద్దు, డాక్టర్ చెప్పినంతే తినమన్నాను. "మరి నాకేం లాభం?" అన్నారు. అప్పుడే ఆయనకి 1994 నాటి పరిశోధన చెప్పాను. అదే బోస్టన్ బృందం సగటున 87 ఏళ్ళ వయసున్న, బాగా నీరసించిన వందమందిని నాలుగు భాగాలు చేసింది. కొందరికి బరువులు, కొందరికి పోషక పానీయం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. పది వారాల తర్వాత బరువులు ఎత్తినవాళ్ళ బలం 113 శాతం పెరిగింది, మెట్లెక్కే శక్తి పెరిగింది. పానీయం మాత్రమే తాగినవాళ్ళకి ఏమీ పెరగలేదు.

డబ్బా కొనేముందు ప్రతి ఇంట్లో తెలియాల్సింది ఇదే. కండకి పని పడితేనే తిన్న ప్రొటీన్ అక్కడ బాగా ఉపయోగపడుతుంది. పని లేకుండా తాగితే ఖర్చే ఎక్కువ, కాళ్ళకి దక్కేది తక్కువ. పిల్లలు అమెరికా నుంచి, హైదరాబాద్ నుంచి ఎంతో ప్రేమతో డబ్బాలు పంపుతున్నారు. దాంతో పాటు వారానికి రెండుసార్లు వీడియో కాల్‌లో అమ్మని కుర్చీలోంచి పదిసార్లు లేపితే ఆ ప్రేమ కాళ్ళదాకా చేరుతుంది.

కార్తీకం

నెలంతా గుడ్డు లేదు. పిన్నిగారు సోమవారాలు నక్తాలు, చుక్కలు చూశాకే భోజనం. మా వ్యాయామం రెండు రోజుల్లో ఒకటి సోమవారమే. ఉపవాసం మానమని నేనెందుకు చెబుతాను? మంగళవారానికి మార్చాం. ఉల్లి వేయని పెసరట్టు, పన్నీరు, పాలు, పెరుగుతో లెక్క కుదిరింది. వే పొడి తాగొచ్చా అని అనుమానం వచ్చింది ఆవిడకి. డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చూపించాను, అది పాల సరుకే. నక్తం రోజు రాత్రి ఒక్కపూటే తింటారు కాబట్టి పప్పు రెట్టింపు వేసుకోమన్నాను.

ఈ నెలలో ఎవరికీ బరువు పెంచలేదు. ఉన్నది నిలబెట్టుకున్నాం, చాలు.

డిసెంబరు: మళ్ళీ కొలతలు

అదే కుర్చీ, అదే గోడ, అదే టేపు. అమ్మ 19 నుంచి 13 సెకన్లకి వచ్చింది. ఇంకా 12 సెకన్ల లోపుకి రాలేదు, కానీ ఊగకుండా ఒకే ఊపులో లేచింది, దబ్బున పడకుండా కూర్చుంది. మాస్టారు 11. పిన్నిగారు చేతులు ఆనించకుండా అయిదూ పూర్తి చేశారు, 17 సెకన్లు పట్టింది. పొడి ముట్టని బాబాయిగారి పట్టు 29 కిలోలు.

పిక్కల చుట్టుకొలత ఎవరికీ పెద్దగా మారలేదు, ఒంటి బరువూ మారలేదు. మాస్టారు కాస్త నిరాశపడ్డారు. మొదటి నెలల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాలు ఉన్న కండనే బాగా వాడుకోవడం నేర్చుకోవడం వల్ల వస్తుంది. కండ లావెక్కడం నిదానంగా జరుగుతుంది. రోజువారీ పనికి కావాల్సింది బలమే కాబట్టి నేను చూసేది సెకన్లనే.

కొత్తగా ముగ్గురు వస్తామన్నారు. ఒకరికి తుంటి ఆపరేషన్ అయింది కాబట్టి సర్జన్ రాసిచ్చేదాకా ఆగమన్నాను. సంక్రాంతికి పిల్లలొస్తారు, వారం సెలవు తప్పదు. ఈలోగా మూడు కిలోల సంచులు నాలుగు కుట్టించాలి, ఇంకో చెక్క కుర్చీ వెతకాలి. అమ్మకి తర్వాతి పని నేల మీద కూర్చుని ఏదీ పట్టుకోకుండా లేవడం. ముందు పీట మీద నుంచి మొదలుపెడతాం.